నా నంబరు నుంచి వెళ్లిన ఫైలు

ఎడగారు వడ్లు అమ్మిన డబ్బు అప్పుడే ఖాతాలో పడింది. కోత మిషన్ అద్దె, ఎరువుల బాకీ అందులోంచే కట్టాలి. ఆ సాయంత్రం సంగంలో మా ఇంటి అరుగు మీద ఉండగా వాట్సాప్‌లో ఓ ఫైలు వచ్చింది. పంపింది తెలిసిన మనిషే, ఆత్మకూరులో పురుగుమందులు అమ్మే ఆయన. బ్యాంకు యాప్ పాతబడిందని, రాత్రిలోగా అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని రాసి ఉంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంది.

నొక్కాను. ఇది తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ అంది. బ్యాంకు గుర్తు, రంగులు అచ్చం అలాగే ఉన్నాయి. మెసేజ్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చాను. కార్డు నంబరు, పిన్ అడిగితే కొట్టాను. తర్వాత 'అప్‌డేట్ అవుతోంది, ఫోన్ ఆపవద్దు' అని వచ్చి, ఓ గీత మెల్లగా నిండుతూ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనక జరిగేది కనపడకుండా వేసిన ముసుగు అది. ఓటీపీలు నా ఫోన్‌కే వచ్చాయి, నా కంట పడకుండానే మోసగాళ్లకు చేరాయి.

చీకటి పడ్డాక మా చెల్లెలి కొడుకు పరుగున వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు.

"ఏంది మామా, ఈ ఫైలు పంపించావు?"

నేను పంపలేదు. నా నంబరు నుంచే అందరికీ వెళ్తోంది. ఆత్మకూరు ఆయన ఫోన్‌లోనూ అదే జరిగిందని అప్పుడు అర్థమైంది. చేతులు వణికాయి. "మీ అత్తకు చెప్పొద్దురా" అన్నాను. ముందు నోట్లోంచి వచ్చిన మాట అదే. వాడు వినలేదు. నా ఫోన్‌లో డేటా ఆపేశాడు. తన ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా, కార్డు ఆపించాడు. లక్షా పదివేలు వెళ్లాయని వాళ్లు చెప్పారు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కలిపాడు. లైను దొరకలేదు. దొరికేదాకా కలుపుతూనే ఉన్నాడు. ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం వాడే చెప్పాడు. నాకు గొంతు పెగల్లేదు. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఉంటుందని 1930 వాళ్లు అన్నారు.

ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి మహిళా కానిస్టేబుల్ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కేంద్రం వారి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు తనే నింపింది. ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. ఆ తర్వాత బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చాను. పిన్ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మన నష్టం, చెప్పాక పోయేది బ్యాంకుది. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది. అందుకే రాత్రి చేసిన ఆ ఫోన్‌కు అంత విలువ.

మేనల్లుడు ఫోన్ మొత్తం చెరిపి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. కాల్స్ ఎటూ మళ్లకుండా ##002# కొట్టించాడు. బ్యాంకు యాప్ ప్లే స్టోర్ నుంచే వేశాడు. అప్‌డేట్ ఉంటే అక్కడే కనిపిస్తుందట. ఏ బ్యాంకూ వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపదట.

తర్వాతి రోజుల్లో అందరికీ ఫోన్లు చేశాను. అన్నిటికంటే అదే కష్టమైంది. ఉదయగిరిలో మా పిన్ని "నువ్వు పంపావని నొక్కేశాను నాయనా" అంది. పిన్ గుర్తులేక, మనవడు వస్తే అడుగుదామని ఆగిందట. ఆ మాట విన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

మా ఆవిడ నన్నేమీ అనలేదు. పొదుపు సంఘంలో అప్పు తెచ్చి మిషన్ అద్దె కట్టింది. పోయినదాంట్లో నలభై వేలు ఎవరిదో ఖాతాలో ఆగి ఉన్నాయి. అవి ఇంకా నా చేతికి రాలేదు. మిగతాది అప్పటికే ఏటీఎంలో తీసేశారు. ఎరువుల బాకీ ఇంకా అలాగే ఉంది.