మంచు బయట కాదు... లోపలే!

లంబసింగి మంచును చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేమూ బయల్దేరాం. కానీ ఆ రోజు మమ్మల్ని భయపెట్టిన మంచు కొండ మీది కాదు, మేం కూర్చున్న పాత పికప్ వ్యానులోది!

తెల్లవారుజామున నాలుగు గంటలు. నర్సీపట్నంలో టీ కొట్టు ముందు వ్యాను ఆగి ఉంది. వెనక చింతపల్లి కిరాణా కొట్లకు వెళ్లే బస్తాలు. డ్రైవరు తువాలుతో ముందద్దాన్ని లోపలివైపు తుడుస్తున్నాడు. ఆ సంగతి నేనప్పుడు పట్టించుకోలేదు.

"ఎక్కండి బాబూ, ఎండెక్కితే మంచుండదు" అన్నాడు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా ఈ దారే ఆయనకు బతుకుతెరువు. వ్యానుకూ ఇంచుమించు అంత వయసే.

డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కణ్నుంచీ చలి మారిపోతుంది. లంబసింగి ఉన్నది సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రోజులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. అందుకే 'ఆంధ్రా కశ్మీరు' అన్న పేరొచ్చింది. ఈ ఊరికే కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట ఉండిపోతే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు.

నాలుగు మలుపులు తిరిగేసరికి అద్దం తెల్లబడింది. బాబాయి వైపర్లు వేశాడు. పోలేదు. తువాలుతో తుడిచాడు. రెండు నిమిషాల్లో మళ్లీ తెర కమ్మేసింది. ఎదురుగా వచ్చిన బస్సు లైట్లు ఆ తడి చారల మీద పడి కళ్లు జిగేల్మన్నాయి. బస్సు దాటిందో లేదో, ఆయన ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు.

వ్యానుకు మూరెడు దూరంలో ఓ ముసలమ్మ. నెత్తిన అడ్డాకుల మోపు.

ఆమె ఏమీ అనలేదు. మోపు సర్దుకుని పక్కకు తప్పుకుంది. స్టీరింగు మీద బాబాయి చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

"ఏటి సేత్తాం బాబూ, ఈ కొండ మీద మంచంతే" అన్నాడు కాసేపటికి.

అద్దం మీద వేలితో గీత గీశాను. వేలికి తడి అంటింది. గీసినచోట రోడ్డు స్పష్టంగా కనిపించింది. "బాబాయ్, మంచు బయట లేదు. మనతోనే ఉంది" అన్నాను.

కిటికీలు రెండూ దించేశాం. చలి ఎముకల్లోకి దూరింది గానీ అద్దం మెల్లగా విచ్చుకుంది. బయటంతా తేమే కదా, కిటికీ తెరిస్తే ఎలా తగ్గిందంటారా? చల్లటి గాలి పట్టి ఉంచే నీరు చాలా తక్కువ. అది లోపలికొచ్చి కాస్త వెచ్చబడితే పొడిగాలి కిందే లెక్క. లోపలి తేమను అదే బయటికి తీసుకుపోతుంది.

మేస్త్రి అడిగిన ప్రశ్నలు

లంబసింగి నుంచి చింతపల్లి ఇరవై కిలోమీటర్ల లోపే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషను ఈ ఊళ్లోదే. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. బస్తాలు దించాక బాబాయిని బలవంతాన మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను.

మేస్త్రి పానా పట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

"మసక ఎప్పుడు పడుతోంది? మనుషులు ఎక్కాకా, ఎక్కకముందేనా?"

ఎక్కాక పడితే అది మన ఊపిరి, తడి బట్టలు, తడి గోనెసంచుల పని. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే, వెచ్చటి తేమ చల్లటి అద్దానికి తగిలి నీరవుతుంది. కిటికీ కాస్త దించితే చాలు. ఏసీ ఉంటే వేసుకోవచ్చు, అది గాలిలోని తేమను పీల్చేస్తుంది. బయటి గాలి వచ్చే దారి మూసి ఉంటే తెరవాలి. పాత బండ్లలో ఆ దారి ఆకులతో, దుమ్ముతో పూడుకుపోతుంటుంది.

"హీటరు వేస్తే ఎక్కువవుతోందా? తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు ఉన్నాయా?"

ఉంటే హీటరు లోపలి చిన్న రేడియేటరు కారుతున్నట్టు. ఇంజిను కూలెంటు కూడా తరుగుతూ ఉంటుంది. దాన్ని వాయిదా వేయకూడదు. ఈ వ్యానులో హీటరే లేదు కాబట్టి ఆ బాధ లేదు.

"మరి రాత్రంతా ఖాళీగా నిలబెట్టినా పొద్దున్నకు లోపల తడి ఉంటోందా?"

బాబాయి తలూపాడు. నర్సీపట్నంలో తువాలు పట్టుకున్న దృశ్యం నాకప్పుడు గుర్తొచ్చింది. మేమింకా ఎక్కనే లేదు, అద్దం అప్పటికే తడిసి ఉంది!

"అయితే నీళ్లు బండిలోనే దాక్కున్నాయి" అంటూ మేస్త్రి కాళ్ల కింది రబ్బరు మ్యాటు ఎత్తాడు. దాని కింద పరిచిన గోనెపట్టా పిండితే నీళ్లు కారాయి. ముక్కిపోయిన వాసన. నన్ను లోపల కూర్చోబెట్టి ముందద్దం మీద బకెట్టుతో నీళ్లు పోశాడు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలిపోయింది. ఆ సందులోంచి నీళ్లు సన్నటి ధారగా నా కాళ్ల మీదకి!

వానాకాలంలో చేరిన నీళ్లు గోనెలోనే ఉండిపోయాయి. పగటి ఎండకు ఆవిరవుతాయి, రాత్రి చలికి అద్దానికి పడతాయి. కొత్త రబ్బరు నర్సీపట్నం నుంచి రావాలి. అప్పటిదాకా పగుళ్లకు సీలెంటు పూశాడు. గోనె తీసి పారేశాడు. తలుపులు తెరిచి రోజంతా వ్యానును ఎండలో పెట్టించాడు. చివరగా సబ్బునీళ్లతో అద్దం లోపలి జిడ్డు కడిగాడు. జిడ్డు మీద తేమ తొందరగా పడుతుందట. తుడవడానికి కాగితం కావాలన్నాడు. నా సంచిలోంచి ఇచ్చింది మన ఆదివారం పుస్తకమే!

మళ్లీ అదే మలుపు

రాత్రి చింతపల్లిలోనే ఉండిపోయాం. తెల్లారి చూస్తే అద్దం బయట మంచు బిందువులు, లోపల పొడి. వైపరు ఒక్కసారి తిరగ్గానే దారంతా కనిపించింది.

లంబసింగి దగ్గర ఆగాం. లోయ నిండా పాలు పోసినట్టు మంచు. వేడి టీ, రోడ్డు పక్క బుట్టల్లో ఇక్కడే పండించిన స్ట్రాబెర్రీలు. చూడ్డానికి వచ్చిన మంచును అప్పుడు తీరిగ్గా చూశాను.

ఘాట్ దిగుతుంటే నిన్నటి మలుపుకు కాస్త ముందే బాబాయి వేగం తగ్గించాడు. దూరంగా ఇద్దరు ఆడవాళ్లు, నెత్తిన మోపులు. వాళ్లు దాటేదాకా వ్యాను ఆపాడు.

"ఇన్నాళ్లూ కొండని తిట్టుకున్నాను బాబూ" అన్నాడు.

ఇలా వెళ్లాలి: విశాఖపట్నం నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి దాదాపు 130 కిలోమీటర్లు. నవంబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. ఘాట్‌లో అద్దం మసకబడితే నడుపుతూ తుడవొద్దు. పక్కకు ఆపి, కిటికీలు తెరిచి, దారి కనిపించాకే కదలండి.