వెబ్ ఆప్షన్ల వేళ ఇంటి ఆరోగ్యం

ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడగానే అనేక గృహాలలో నిద్ర కరవవుతుంది. కంప్యూటర్ సైన్స్ సీటు ఏ కళాశాలలో దొరుకుతుందన్న చింతతో పిల్లలకు ఆకలి మందగిస్తుంది. పెద్దలకు రక్తపోటు పెరుగుతుంది. ఈ ఆందోళనలో కొంత భాగం పద్ధతి తెలియనందువల్ల కలిగేదే.

సీట్ల కేటాయింపు ర్యాంకు, రిజర్వేషన్ల ప్రకారం జరుగుతుంది. విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని జాబితాను పైనుంచి చూస్తూ, లభ్యమయ్యే మొదటి సీటును కేటాయిస్తారు. కనుక అందదనుకున్న కళాశాలను మొదట పెట్టినందువల్ల తరువాతి వాటికి నష్టం లేదు. నిజంగా కోరుకున్న క్రమాన్నే పాటించండి. గత సంవత్సరపు చివరి ర్యాంకులను పరిశీలించి, అందగల కళాశాలలను కూడా చివర చేర్చండి. చేరడానికి ఇష్టం లేనిదానిని మాత్రం చేర్చవద్దు.

న్యాక్ గుర్తింపు సంస్థ మొత్తానికి సంబంధించినది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు విడిగా ఇచ్చేది. కంప్యూటర్ సైన్స్‌కు అది ఉన్నదో లేదో చూడండి. ప్రయాణ దూరాన్ని కూడా లెక్కించండి. ఆ వయసుకు రోజుకు 8 గంటల నిద్ర అవసరం. బస్సులోనే నాలుగు గంటలు గడిస్తే ఆ నిద్ర ఎక్కడిది?

ముందుగా, ఆ చదువు పిల్లల కోరికా, మన కోరికా అని అడిగి తెలుసుకోండి. పిల్లలు మౌనంగా ముడుచుకుపోతుంటే, నిద్రాహారాలు మానితే, కౌన్సెలింగ్ ముగిసేదాకా ఆగవద్దు. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సీటు కోసం మరో విడత ఉంటుంది. బిడ్డ క్షేమాన్ని మాత్రం మరో విడతకు వాయిదా వేయరాదు.