చన్నీళ్ళు చెప్పిన పాఠం

బాలలూ! ముప్పై ఏళ్ళకు పైగా నేను బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. కాని ఉద్యోగం మానిన తరవాత, 2019 జూలైలో, నేనే ఒక పాఠం నేర్చుకున్నాను. అదేమిటో చెబుతాను, వినండి.

మా అబ్బాయి అమెరికాలో ఉంటున్నాడు. ఆ వేసవిలో మమ్మల్ని అలాస్కా రాష్ట్రంలోని జూనో నగరానికి తీసుకుపోయాడు. ఊరికి దగ్గరలోనే మెండెన్‌హాల్ హిమానీనదం ఉన్నది. హిమానీనదమంటే మెల్లగా కదిలే మంచునది. ఇది సుమారు 20 కిలోమీటర్ల పొడవు. దాని ముందు ఒక సరస్సు, ఆ సరస్సులోనుంచి బయలుదేరే ఒక ఏరు. ఆ ఏటిలో రబ్బరు తెప్ప మీద పోవాలని మా మనుమరాలి కోరిక.

తెప్ప ఎక్కేముందు అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. నాది మరీ బిగువుగా ఉన్నదని పట్టీలు వదులు చేసుకున్నాను.

"తాతయ్యా, బిగించుకో!" అన్నది మనుమరాలు.

"గోదావరి ఒడ్డున పుట్టి ఈత నేర్చినవాణ్ణి. నాకెందుకమ్మా?" అన్నాను గొప్పగా.

తెప్ప నడిపే అతను నవ్వి, నన్ను సరస్సులో చెయ్యి పెట్టి కాసేపు ఉంచమన్నాడు. మొదట సూదులు గుచ్చినట్టయింది. తరవాత చెయ్యి మొద్దుబారింది. పట్టీ బిగించుకుందామంటే వేళ్ళు ముడుచుకోవు! చివరకు మనుమరాలే బిగించింది.

"ఈ నీటిలో పడితే మొదట ఊపిరి అందదు, కొద్ది నిమిషాల్లోనే చేతులు పనిచేయవు. అప్పుడు ఎంతటి ఈతగాణ్ణయినా తేల్చేది జాకెట్టే," అన్నాడతను.

తెప్ప సాగింది. నీళ్ళు అంత చల్లగా ఎందుకున్నాయి? అది అప్పుడప్పుడే కరిగిన మంచు గదా! మన గోదావరి వానలకు పొంగుతుంది, ఈ ఏరు ఎండలకు కూడా పొంగుతుంది. నీటిది బూడిదరంగు. మంచు తన అడుగున ఉన్న రాళ్ళను నూరగా వచ్చిన పిండి వల్ల ఆ రంగు వచ్చింది. సుమారు నూరేళ్ళ క్రితం ఆ సరస్సున్న చోటంతా మంచే. మంచు కరిగి వెనక్కి తగ్గినకొద్దీ సరస్సు పెరిగింది.

ఇంతలో రాళ్ళ మధ్య తెప్ప ఎగిరిపడింది. ఒక అల నన్ను పక్కకు తోసేసింది. తాడు మీద పట్టు జారింది. మా అబ్బాయి నా జాకెట్టు పట్టుకుని లోపలికి లాగాడు. పట్టీలు వదులుగా ఉన్నట్టయితే, జాకెట్టు వాడి చేతిలో, నేను ఏటిలో ఉండేవాళ్ళం!

బాలలూ, ఈత తప్పక నేర్చుకోండి. కాని కొత్త నీటిలో దిగేటప్పుడు, ఆ నీటిని ఎరిగినవారి మాట వినండి. ఇక తాతయ్యలకు నా మనవి: మనుమరాలు "బిగించుకో" అంటే, మారు మాటాడక బిగించుకోండి.