ఇందులో ఏం వేశారు?

అక్టోబర్ 13, బొలోన్యా

పొద్దుట్నుంచీ ముసురు పట్టింది. అయినా స్టేషన్ దగ్గర్నుంచి ఊరి నడిబొడ్డు దాకా గొడుగు తియ్యకుండానే వచ్చేశాం. దారి పొడుగునా మేడల కింద వసారాలే. పోర్టికోలంటారు ఇక్కడ. విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని ఊరివాళ్ల లెక్క. చదువుకోడానికి వచ్చేవాళ్లు పెరిగి గదులు చాలకపోతే ఇళ్లవాళ్లు మేడగదుల్ని వీధి మీదికి జరిపి, కింద స్తంభాలు నిలబెట్టారు. 1288 నాటికి కొత్తగా కట్టే ఇంటికి పోర్టికో ఉండి తీరాలని ఊరు చట్టమే చేసింది. స్థలం ఇంటివాడిది, నడిచే హక్కు ఊరందరిదీ. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లట. 2021లో యునెస్కో జాబితాకెక్కాయి. వానలో తడవకుండా నడిచే వీలు దారిన పోయేవాడికి ఏడు వందల ఏళ్లుగా చట్టప్రకారం దక్కుతోందంటే, ఈ ఊరి మీద నాకు గౌరవం కలిగింది.

రేపు సాయంత్రం తిండి నడక. నాలుగైదు కొట్లు, ఒక ఓస్తెరియా (పాతకాలపు వైను కొట్టు), రెండు రకాల వైన్లు. అక్క గుడ్డు కూడా ముట్టదు. "పందిమాంసం ఊళ్లో నాకేం పెడతార్రా?" అంది సంచీ దించుతూ. "నడక మాత్రం నడుస్తాను. తినేది చూసి తింటాను."

అక్టోబర్ 14, సాయంత్రం ఆరు

రెండు గోపురాల కింద కలిశాం. అజినెల్లి 97 మీటర్లు. పక్కనున్న గరిజెండా 48 మీటర్లే, అదీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. పద్నాలుగో శతాబ్దంలోనే భయపడి పైభాగం తీసేశారు. 2023 శరత్కాలం నుంచి చుట్టూ కంచె వేసి బాగుచేసే పని పెట్టుకున్నారు. మాకు దారి చూపే ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే. గోపురాల గురించి రెండు ముక్కలు చెప్పి, చట్టున వెనక్కి తిరిగి వేరే భవనం చూపించింది.

అది మెర్కాంజియా. పద్నాలుగో శతాబ్దం చివర్లో వర్తకుల కోసం కట్టారు. ఇప్పుడు వర్తక మండలి కార్యాలయం. అందులో బంగారంతో చేసిన తాల్యాతెల్లె అనే పాస్తా పట్టీ ఒకటి ఉంది. 1972లో అక్కడ దాఖలు చేశారు. ఉడికిన తాల్యాతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే అజినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు. 1974లో తోర్తెల్లీని అనే చుట్టిన పాస్తా లోపల పెట్టే ముద్దకి ఏమేం కలపాలో రాసి దాఖలు చేశారు. 1982లో రగు వంతు.

రగు అంటే మాంసం సాస్. ప్రపంచమంతా స్పగెట్టీ మీద పోసి బొలోనీజ్ అంటోంది. ఈ ఊళ్లో అది తాల్యాతెల్లె మీదే. దాఖలు చేసిన దాంట్లో ఏముందో ఆవిడ వేళ్లు మడుస్తూ చెప్పింది. గొడ్డుమాంసం, పంది కడుపు కొవ్వు, కేరట్, సెలెరీ, ఉల్లిపాయ, కాస్త టమాటా, వైన్, పాలు.

"వెల్లుల్లి?" అంది అక్క.

"లేదు."

"అసలు వెయ్యరా?"

"వెయ్యరు. వేసుకుంటే మీ ఇష్టం, కానీ దాన్ని ఈ పేరుతో పిలవకూడదు."

అక్కకి ఆ జవాబు నచ్చింది. తను తినేది కాకపోయినా.

అదే సాయంత్రం, ఏడు దాటాక

క్వాద్రిలాతెరో. మధ్యయుగం నుంచీ బజారుగానే ఉన్న ఇరుకు సందులు. చేపల కొట్టు పక్కన పూల కొట్టు, దాని పక్కన కూరగాయలు. చివరి అత్తిపళ్లు, తొడిమలతో సహా ద్రాక్ష, తడి ఆరని పుట్టగొడుగులు. ఆఫీసులు వదిలిన జనం గ్లాసులు పట్టుకుని వీధిలోనే నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇక్కడ రాత్రి భోజనం ఎనిమిదింటికి ముందు మొదలవదు. ఈ మధ్యలోని గంట వాళ్లకి ఆకలి తీర్చుకునే వేళ కాదు, ఆకలి పెంచుకునే వేళ.

మొర్తదెల్లా. ఇంత లావు బండను యంత్రం మీద పెట్టి, కాగితం మందాన కోసి, మడతలు పడేలా కాగితంలో వేసి ఇచ్చాడు. మెత్తగా రుబ్బిన పందిమాంసం, మధ్యలో తెల్లటి ఘనాలు. ఆ తెల్లవి గొంతు దగ్గరి కొవ్వు ముక్కలు. అక్కడి కొవ్వు గట్టిది, వేడికి కరిగిపోదు. లోపల 70 డిగ్రీలకి చేరేదాకా పొడి వేడిలో నిదానంగా ఉడకాలి. తొందరపడి వేడి పెంచితే కొవ్వు కారిపోతుంది. 1661లో పోపు ప్రతినిధిగా ఉన్న కార్డినల్ ఫర్నేజే దీని తయారీ మీద శాసనం జారీ చేశాడు. పందిమాంసం తప్ప మరొకటి కలపరాదని.

నేను తిన్నాను. నాలుక మీద పెట్టగానే మిరియం వాసన ముందు వచ్చింది, ఉప్పు తర్వాత. నమలాల్సిన పని లేకుండా వెళ్లిపోయింది. దీన్ని మందంగా కోసి రొట్టెలో కుక్కి ఇచ్చేచోట ఇక ఎప్పుడూ కొనను.

పర్మిజానో జున్ను దగ్గర అక్క ముందుకొచ్చింది. పాలే కదా అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. కొట్టతను బాదంకాయ ఆకారంలో ఉన్న పొట్టి కత్తిని జున్ను చక్రంలో గుచ్చి మెలిపెట్టాడు. కొయ్యలేదు, పగలగొట్టాడు. పగిలినచోట ఇసుక రేణువుల్లాంటి తెల్లటి పలుకులు కనిపించాయి. ఏళ్ల తరబడి నిల్వ ఉన్నప్పుడు మాంసకృత్తులు విడిపోయి అలా పేరుకుంటాయి. సుమారు 550 లీటర్ల పాలకి 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది. కనీసం పన్నెండు నెలలు బల్ల మీద ఉండాలి. తర్వాత పరీక్షకుడు చిన్న సుత్తితో చుట్టూ తట్టి విని, లోపల పగుళ్లు లేవంటేనే ముద్ర పడుతుంది.

"ఇందులో ఏం వేశారు?" అని అడగమంది అక్క.

"పాలు, ఉప్పు, రెన్నెట్" అన్నాడతను.

"రెన్నెట్ అంటే?"

దారి చూపే ఆవిడ అతని వైపు చూసింది. అతను దాచలేదు. పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసింది వేస్తారు, వేరేది వేస్తే ఈ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు అని చెప్పాడు. అక్క చేతిలోని ముక్కను తిరిగి కాగితంలో పెట్టేసింది. "చెప్పాడు, మంచివాడు" అంది తెలుగులో.

మన ఊళ్లలో జున్ను అన్న ప్రతిదీ శాకాహారమనుకుని పిజ్జా తినే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. అట్ట మీద చిన్నక్షరాల్లో రాసి ఉన్నా ఎవరూ చదవరు. మనవాళ్లలో ఇదో అలవాటు కూడా: వంటలో ఏం వేశారని విందులో ఎవరైనా అడిగితే పేచీకోరు అంటారు. ఆ ప్రశ్నను వంటవాడు ఇష్టంగా అందుకోవడం ఇవాళ చూశాను.

రాత్రి, ఓస్తెరియాలో

వికొలో రనోక్కి అనే సందులో ఓస్తెరియా దెల్ సోలె. 1465 నుంచీ ఉంది. వంటిల్లు లేదు. తాగేది వాళ్ల దగ్గర కొనాలి, తినేది మనం తెచ్చుకోవాలి. పొడుగు బల్లలు, ఎవరి పొట్లం వాళ్లది. ఒక ముసలాయన జేబులోంచి ఉడికించిన గుడ్డు తీశాడు. కాలేజీ పిల్లలు మొర్తదెల్లా పొట్లం నడిమధ్యన విప్పారు. అక్క వచ్చే దారిలో కొన్న రొట్టె, ద్రాక్ష, అక్రోటు పప్పు పరిచింది. ఈ సాయంత్రం మొదటిసారి ఎవర్నీ ఏమీ అడగకుండా కడుపు నింపుకుంది. శాకాహారులు ఇటలీ వస్తే ముందు ఇక్కడికి రావాలని రాసుకున్నాను.

వైన్ల సంగతి. మొదటిది పిన్యొలెత్తో, ఊరికి దక్షిణాన ఉన్న కొండల మీది తెల్లద్రాక్ష. తేలిక, కొద్దిగా నురగ. ఇంతకంటే చెప్పడానికి లేదు.

రెండోది లంబ్రుస్కో. నురగ వచ్చే ఎర్ర వైను, చల్లగా తాగుతారు. ఇందులో సొర్బారా రకం నాకు పట్టేసింది. రంగు దానిమ్మ గింజ కంటే లేత. పులుపు ముందు తగులుతుంది, తర్వాత బుడగలు. కొవ్వు తిన్నాక నాలుకకి పట్టిన జిడ్డును ఆ రెండూ కలిసి కడిగేస్తాయి, తర్వాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలాగే ఉంటుంది. పందిమాంసం, వెన్న, జున్ను తినే నేలలో ఈ వైను ఎందుకు పుట్టిందో నోటికే తెలిసింది. సొర్బారా పూలకి తమంతట తాము ఫలదీకరించుకునే శక్తి లేదు. అందుకని తోటలో పక్కనే సలామీనో అనే మరో లంబ్రుస్కో తీగలు వేస్తారు, పుప్పొడి కోసం. అయినా కాపు తక్కువే, గుత్తిలో చాలా పళ్లు ఎదగవు. ఇన్నేళ్లుగా రైతులు ఆ తీగను వదలకపోవడం నాకు సంతోషంగా ఉంది.

ఆఖరి మజిలీ ఒక చిన్న భోజనశాల. నాకు తోర్తెల్లీని, కోడి పులుసునీళ్లలో. అక్క కోసం దారి చూపే ఆవిడ లోపలికెళ్లి చాలాసేపు మాట్లాడింది. చివరికి బంగాళాదుంపలు వచ్చాయి. ఆలివ్ నూనె, ఉప్పు, రోజ్‌మేరీ వేసి పొయ్యిలో కాల్చినవి. బొలోన్యా బంగాళాదుంపకి కూడా రక్షిత నామం ఉందట. పైన కరకర, లోపల వెన్న. నేను నా గిన్నె వదిలేసి అవే తిన్నాను.

అక్టోబర్ 15

పొద్దున్నే పాస్తా కొట్టు అద్దం ముందు అక్క నిలబడిపోయింది. లోపల ఒకావిడ పిండి వత్తుతోంది. ఇలాంటివాళ్లను స్ఫొల్యీనా అంటారు. వంద గ్రాముల మెత్తటి గోధుమపిండికి ఒక గుడ్డు, నీళ్లు లేవు. చేయంత పొడుగు కర్ర, పెద్ద చెక్కబల్ల. పిండిని కర్రకి చుట్టి, రెండు అరచేతులూ మధ్యలోంచి చివరలకి జరుపుతూ దొర్లిస్తుంది, విప్పి పావు వంతు తిప్పుతుంది, మళ్లీ చుడుతుంది. అంచులు బల్ల బయట వేలాడుతూ ఉంటే పొట్టతో అదిమి పట్టి సాగదీస్తోంది. చెక్కమీద వత్తితేనే పైన గరుకు వస్తుంది, ఆ గరుకు సాస్‌ని పట్టుకుంటుంది. వత్తిన రేకులోంచి చూస్తే కొండమీది సాన్ లూకా గుడి కనిపించాలని ఇక్కడివాళ్ల మాట. ఆవిడ రేకుని వెలుతురుకేసి ఎత్తింది. ఆత్రేయపురంలో కుండ మీంచి లేపిన పూతరేకులాగా, వెనకున్న చెయ్యి నీడ తెలిసింది.

తర్వాత చిన్న చతురస్రాలు కోసి, శనగగింజంత ముద్ద పెట్టి, త్రికోణంగా మడిచి, చిటికెన వేలికి చుట్టి నొక్కడం. ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు. చూపు వేళ్ల మీద లేదు, పక్కావిడతో కబుర్లు చెబుతూనే ఉంది.

"రోజంతా నిలబడే చేస్తుందా?" అంది అక్క. నిన్న రాత్రి నా గిన్నెలో ఎన్ని ఉన్నాయో నేను చూసుకోలేదు. ఒక గరిటెడు.

మన దగ్గరా బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు రావడం ఒక ఎత్తు. అందులో ఏం వెయ్యాలో, ఏం వెయ్యకూడదో కొట్టు గోడ మీద పెద్దక్షరాల్లో ఉండాలి, రేకు తీసే ఆడవాళ్లు అద్దం వెనక కాదు, అద్దం ముందే కనిపించాలి. కొనేవాళ్లు అక్కలాగా అడగాలి. ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తోంది.

అక్టోబర్ 16, మోడెనా

రైల్లో అరగంట. మునిసిపల్ భవనం అటక మీద ఊరి సొంత సిర్కా పీపాలు ఉన్నాయి. ఎండాకాలం ఉడికిపోయే, చలికాలం బిగుసుకుపోయే అటకే దీనికి కావాలి. ద్రాక్షరసాన్ని తెరిచిన పాత్రలో కాచి, పీపాల వరసలోకి ఎక్కిస్తారు. ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, జూనిపర్ కలపలతో ఒకదాని కంటే ఒకటి చిన్నవి. ఏటా ఆవిరైపోయినంత పక్క పెద్దదాంట్లోంచి నింపుతూ వస్తారు. కనీసం పన్నెండేళ్లు. ఎక్స్‌ట్రావెక్యో అని రాయాలంటే పాతికేళ్లు.

చెంచాలో రెండు బొట్లు పోశారు.

"ఇందులో ఏం వేశారు?"

"కాచిన ద్రాక్షరసం."

"ఇంకా?"

"కాలం."

అక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. నల్లటి తీపి, దాని వెనక పులుపు, ఆ వెనక కలప వాసన. మూడు రోజుల్లో మొదటిసారి రెండో చెంచా అడిగింది.

సూపర్‌బజారులో చవగ్గా దొరికే మోడెనా సిర్కా వేరు. దాంట్లో వైన్ సిర్కా కలుస్తుంది, అరవై రోజులు చాలు. సలాడ్‌కి అది సరిపోతుంది. ఇది బొట్టు బొట్టుగా తినేది.

బయట కొట్లో ధర యాభై యూరోలు దాటింది. నేను వద్దన్నాను. అక్క నా మాట వినకుండా పర్సు తీసింది. సంప్రదాయ సిర్కాను అమ్మేది ఒకే ఆకారం సీసాలో, జూజారో అనే కార్ల డిజైనర్ గీసిన గుండ్రటి బుడ్డి సీసా, సరిగ్గా 100 మిల్లీలీటర్లు. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచీలో పెట్టుకోనిచ్చేదీ అంతే. "చూశావా, లెక్క సరిపోయింది" అని చీరల మధ్య పెట్టింది.