నా పేర ఉంచిన అర్ర

ఖిలా వరంగల్ అనగానే చూసినవారందరికీ నాలుగు కీర్తితోరణాలు గుర్తుకొస్తాయి. అక్కడ పుట్టినవాణ్ణి గనుక నాకు ముందుగా గుర్తుకొచ్చేది మా ఇంట్లో తాళం వేసి ఉండే ఒక అర్ర. మా వైపు గదిని అర్ర అంటాం. దాని గురించి చెప్పాలంటే ముందు నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. రెండింటికీ సంబంధం ఉన్నదని నాకే ఆలస్యంగా తెలిసింది.

నేను డివైస్ డ్రైవర్లు రాస్తాను. ఆపరేటింగ్ సిస్టముకూ, యంత్రంలోని ఒక్కొక్క పరికరానికీ మధ్య దుబాసీ పని చేసే ప్రోగ్రాములవి. నేటి ఫోనులో ప్రాసెసరు ఒక్కటే ఉండదు. ధ్వనికొకటి, కెమెరాకొకటి, ఇలా ప్రధాన ప్రాసెసరు పక్కన కోప్రాసెసర్లు కొన్ని ఉంటాయి. 1980లో ఇంటెల్ తెచ్చిన 8087 లెక్కల్లో చేదోడుగా ఉండేది, అంతే. దానికంటూ వేరే సంసారం లేదు. ఇప్పటివి చాలామటుకు వేరు కాపురం పెట్టినవి. ఎవరి ప్రోగ్రాము వారిదే. ఇల్లు మాత్రం ఉమ్మడి. ఇల్లంటే ఇక్కడ మెమరీ.

చిక్కంతా ఇక్కడే. మామూలు ప్రోగ్రాములకు మెమరీ ఎక్కడెక్కడో ముక్కలుగా దొరికినా ఫరవాలేదు. మధ్యలో చిరునామాల పట్టిక ఒకటి ఉండి అంతా వరుసగా ఉన్నట్టే చూపిస్తుంది. చాలా కోప్రాసెసర్లకు అటువంటి పట్టిక ఉండదు. వాటికి విడివడని స్థలం ఒకేచోట కావాలి. ఒక్కోసారి ఫలానా చిరునామాలోనే కావాలి. యంత్రం కాసేపు నడిచాక అడిగితే అది దొరకడం కష్టం. మొత్తం మీద ఖాళీ ఉన్నా తునకలు తునకలై ఉంటుంది. అందుకని యంత్రం మేల్కొంటున్నప్పుడే, ఇంకెవరూ చేయి పెట్టకముందే, ఆ భాగాన్ని తీసి పక్కన పెట్టాలి. లినక్సులో అయితే డివైస్ ట్రీ అనే వివరాల పట్టికలో ‘రిజర్వ్‌డ్ మెమరీ’ అన్న పద్దు కింద మొదలెక్కడో, పొడవెంతో రాస్తాం. ‘నో మ్యాప్’ అని కూడా చేర్చామంటే ఆపరేటింగ్ సిస్టము ఆ చోటిని తన పటంలోనే గీసుకోదు.

కొన్నేళ్ళ క్రితం 16 మెగాబైట్లు రాయవలసిన చోట నేను ఒక సున్నా తక్కువ రాశాను. హెక్సాడెసిమల్ లెక్క కనుక ఒక్క సున్నాతో విలువ పదహారో వంతుకు పడిపోయి 1 మెగాబైటు అయింది. కోప్రాసెసరు ప్రోగ్రాము అందులో ఇమిడేంత చిన్నది కనుక చక్కగానే మొదలయ్యేది. పని పెరిగేకొద్దీ, తనదేననుకున్న తక్కిన 15 మెగాబైట్లలోకి కాలు చాపేది. అక్కడ వేరొకరు ఉన్నారని దానికి తెలియదు. ఒకనాడు ఫైళ్ళు చెడేవి, మరొకనాడు తెర స్తంభించేది. గిల్లినచోట కాక మరెక్కడో ఏడుపు వినిపించేది. మూడు వారాలు తోటివారి కోడును అనుమానించాను. చివరికి తప్పు నా గీతలోనే దొరికింది. ఆనాటినుంచి కేటాయింపుల విషయంలో నాకు చాదస్తం పట్టుకుంది. కంచె గట్టిగా వేయాలి, లోపలికి ఎవరినీ రానివ్వకూడదు.

ఇక అర్ర సంగతి. బాపు పోయేముందు “పడమటి అర్ర చిన్నోనిది” అన్నాడు. అన్న దానికి తాళం వేశాడు. దసరాకొకసారి, బాపు సంవత్సరీకానికొకసారి నేను హైదరాబాదు నుంచి వెళ్ళినప్పుడే ఆ తాళం తీసేవారు. మిగిలిన రెండర్రల్లో అన్నా వదినెలు, ముగ్గురు పిల్లలు, అమ్మ.

ఇంకొక అర్ర వేసుకుందామంటే వీలులేదు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దునుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకూ అనుమతి ఉంటేనే. మా ఇల్లు ఆ 100 మీటర్లలో పడింది. గణపతిదేవుని నాటి గోడలు మిగలాలంటే ఎవరో ఒకరు కంచె వేయక తప్పదు కనుక నాకు ఫిర్యాదు లేదు. చిప్పు తయారై బయటికొచ్చాక అందులోని మెమరీ పెరగనట్టే మా ఇల్లూ పెరగదు, అంతే.

ఒక దసరాకు, రాత్రి పదకొండింటికి మంచినీళ్ళకని లేచాను. అన్న కూతురు వసారాలో దోమలు తోలుకుంటూ ఇంటర్ పుస్తకం చదువుతోంది. ఏడాదికి పది రోజులు వాడే అర్రలో, ఫ్యాను కింద, నేనొక్కణ్ణే.

పొద్దున అన్నతో అన్నాను. “బాపు మాట, తమ్మీ! రేపు నువ్వు రిటైరై వస్తె ఏడ ఉంటవు?” అన్నాడు. వదినె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువగా వినబడింది.

‘నో మ్యాప్’కు బదులు ‘రీయూజబుల్’ అని రాసే వీలు కూడా లినక్సులో ఉంది. దాని వెనుక ఉన్నది 2012లో వచ్చిన సీఎంఏ అనే ఏర్పాటు. యజమాని వాడనప్పుడు ఆ స్థలంలో ఇతరులు ఉండవచ్చు, లెమ్మన్నప్పుడు లేవగలిగినవారైతేనే. ఎల్లవేళలా తన ప్రోగ్రామును అక్కడే ఉంచుకునే కోప్రాసెసరుకు ఇది పనికిరాదు. అప్పుడప్పుడు వచ్చి పెద్ద స్థలం అడిగే కెమెరా వంటివాటికి పనికొస్తుంది. ఒకే స్థలానికి రెండు మాటలూ కలిపి రాయకూడదని నియమం. ఏదో ఒకటి తేల్చుకోవాలి. నేను ఆ అర్రలో కాపురమున్నవాణ్ణా, వచ్చిపోయేవాణ్ణా? పదకొండేళ్ళుగా నేనూ తేల్చలేదు, నన్ను అడగడానికి అన్నకూ మనసొప్పలేదు.

తాళంచెవి అన్న కూతురి చేతిలో పెట్టి, “నేనొచ్చినప్పుడు మంచం ఖాళీ చెయ్యి చాలు, బిడ్డా” అన్నాను. నేను బయలుదేరేదాకా అన్న ముభావంగానే ఉన్నాడు.

మాఘంలో సంవత్సరీకానికి వెళ్ళాను. పడమటి అర్రలో గోడకు మూలకాల పట్టిక, కిటికీలో నోటుపుస్తకాల దొంతర. నన్ను చూసి ఆ పిల్ల గబగబా సర్దడం మొదలుపెట్టింది. సీఎంఏలోనూ ఒక్కోసారి, ఎవరో గట్టిగా పట్టుకున్న పుట ఒకటి కదలక, యజమానికే చోటు దొరకదు. డ్రైవరు రాసేవాడు అందుకు సిద్ధపడే ఉండాలి. పరీక్షలు దగ్గరికొచ్చాయట. వద్దని చెప్పి వసారాలో పక్క వేసుకున్నాను.

దోమలు నిజంగానే ఎక్కువ. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే అర్రలో దీపం వెలుగుతోంది. నా మంచం పక్కనే మరో మంచం వేసుకుని అన్న నిద్రపోతున్నాడు.