తడి తగిలిన డీజిల్

ఆడవాళ్లకి యంత్రాలు తెలియవని ఎవరూ మన ముఖం మీద అనరు. అనాల్సిన అవసరం రాదు. మన పక్కన ఒక మగపిల్లవాడు నిలబడి ఉంటే చాలు, మాటలు వాటంతటవే అతని వైపు తిరిగిపోతాయి. 2023 జులైలో సాలూరులో ఒక షెడ్డు ముందు జరిగింది అదే. బండి నాది. నడిపింది నేను. తాళం నా చేతిలోనే ఉంది. మెకానిక్ మాత్రం మా ప్రాజెక్టులో సాయానికి వచ్చిన ఎం.ఏ. విద్యార్థికి వివరిస్తున్నాడు. పాపం ఆ కుర్రాడికి సైకిల్ తప్ప మరేదీ నడపడం రాదు. "సార్, సెపరేటర్ నిండిపోనాది. ఇంజెక్టర్లకి నీళ్లెల్తే పంపు కూడా పోద్ది" అంటుంటే అతను బిక్కమొహం వేసి నా వైపు చూశాడు. అప్పుడు మెకానిక్ కూడా నా వైపు తిరిగి, గొంతు కాస్త మెత్తబరిచి, "మీకు అర్థమయ్యేలాగ సెప్పాలంటే, ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అతనికేమో సెపరేటర్, ఇంజెక్టరూ. నాకేమో జాడీ, గరిటె!

మేం వెళ్తున్నది సాలూరు దాటాక ఘాట్ పైనున్న ఊళ్లకి. ఊడ్పుల కాలంలో ఆడవాళ్లు పాడుకునే పాటలు రికార్డు చేయాలని. ఊడ్పులయ్యేదాకా ఆగితే ఆ పాటలు మళ్లీ ఏడాదికే. ఎవరింట్లోనో కూర్చోబెట్టి "పాడమ్మా" అంటే పాడతారు గానీ అది వేరే పాట. నాలుగు రోజులుగా వాన. ముందురోజు సాయంత్రం దారిలో ఒక బంకులో ట్యాంకు నింపించుకున్నాం. ఘాట్ ఎక్కుతుంటే బండి గుంజుకోవడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినా బలం రాదు. వెనక తెల్లటి పొగ. ఎదుట మీటర్ల పక్కన నేనెప్పుడూ చూడని పసుపు దీపం ఒకటి వెలిగింది, కింద నీటి చుక్కలున్న గిన్నెలాంటి బొమ్మతో. బండి కాగితాల పుస్తకం తీసి చూస్తే, ఇంధనంలో నీళ్లు చేరాయి, ఆ దీపం వెలుగుతుండగా ముందుకు నడపొద్దు అని ఉంది. అంతే, ఇంజన్ ఆపేశాను. దారిన వెళ్తున్న లారీవాళ్లు తాడు కట్టి సాలూరు దాకా లాక్కొచ్చారు. సాలూరు లారీల ఊరు. డీజిల్ బండికి జబ్బు చేస్తే అక్కడ చెయ్యడమే మేలు.

ఇంతకీ ఆవకాయ పోలిక తప్పా? కాదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. డీజిల్ నీళ్లకంటే తేలిక. లీటరు డీజిల్ బరువు 830 గ్రాములకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందుకే నీళ్లు ఎక్కడినుంచి వచ్చినా ట్యాంకు అడుక్కి చేరి కూర్చుంటాయి. బంకులో భూమిలో పాతిన ట్యాంకు మూత దగ్గర వాననీళ్లు దిగొచ్చు. సగం ఖాళీగా ఉన్న మన ట్యాంకులోనే రాత్రి చల్లబడ్డ గాలిలోని తేమ గోడలకి పట్టి చుక్కలుగా కారొచ్చు. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్యనున్న సన్నటి పొరలో బూజు పుడుతుంది, నిజం బూజే. నీళ్లలో బతుకుతూ డీజిల్‌ని తింటుంది. పెరిగి పెరిగి జిగురులాగా ఊడివచ్చి ఫిల్టర్‌ని మూసేస్తుంది. తడి తగిలిన జాడీలో పైన కట్టే తెల్లటి తెట్టు తెలిసినవాళ్లకి దీన్ని విడిగా చెప్పనక్కర్లేదు.

ఆపైన జరిగేది ఇంకా ఘోరం. ఇప్పటి డీజిల్ బండ్లలో పంపు ఇంధనాన్ని 1,600 బార్లు, ఒక్కోచోట అంతకు మించిన ఒత్తిడితో తోస్తుంది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకి కాస్త ఎక్కువ, అంతే. అంత ఒత్తిడిని ఆపాలంటే లోపలి భాగాలు ఒకదానిలో ఒకటి వెంట్రుక మందంలో ఎన్నో వంతు సందుతో మాత్రమే కదలాలి. వాటికి వేరే నూనె వెయ్యరు. డీజిలే వాటికి నూనె. దాని చోట నీళ్లు వస్తే లోహం లోహాన్ని గీసుకుంటుంది, తుప్పు పడుతుంది. ఇంజెక్టర్ మొనదాకా వెళ్లిన చుక్క ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై మొననే దెబ్బతీస్తుంది. కాగే నూనెలో తడి వేలు విదిలిస్తే ఏమవుతుందో చేతులమీద మచ్చలున్నవాళ్లని అడగండి.

చూశారా, నేనూ వంటింటి పోలికే తెచ్చాను. మరి మెకానిక్ మీద కోపం ఎందుకు? నూనెకీ నీటికీ ఉన్న వైరం మనకి తరతరాలుగా చేతుల్లో ఉన్న జ్ఞానం. జాడీ ఎండబెట్టడం, వెన్న కాచేటప్పుడు చిటపట ఆగేదాకా కాచుకుని ఉండటం, ఇవి పదార్థాల గుణం తెలిసి చేసే పనులు. అదే గుణం ఇనుప గొట్టంలోకి వెళ్లగానే దానికి సెపరేటర్ అని పేరొస్తుంది, షెడ్డొస్తుంది, జీతమొస్తుంది, సార్ వస్తాడు. నాకు అభ్యంతరం పోలిక గురించి కాదు. పోలిక నాకిచ్చి, పేరు మాత్రం పక్కవాడికి ఇవ్వడం గురించి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకామె గురించి చెప్పాలి. బియాట్రిస్ షిల్లింగ్ మాంచెస్టర్‌లో ఇంజనీరింగ్ చదివింది, బ్రూక్‌లాండ్స్‌లో మోటార్ సైకిల్ పందేలు గెలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాలు ముక్కు దించి దూకగానే ఇంధనం తీరు తప్పి ఇంజన్ ఆగిపోయేది. 1941లో ఆమె చిన్న కన్నమున్న లోహపు బిళ్లలాంటి దాన్ని తయారుచేసి ఇంధనాన్ని అదుపులో పెట్టింది. దాని అసలు పేరు ఆర్.ఎ.ఇ. రెస్ట్రిక్టర్. వైమానికులు మాత్రం దానికి 'మిస్ షిల్లింగ్ రంధ్రం' అని పేరు పెట్టుకుని నవ్వుకున్నారు. అప్పటికి ఆమె పెళ్లై మూడేళ్లయింది, 'మిస్' కూడా కాదు. తమ ప్రాణాలు నిలబెట్టిన పరికరానికి ఆమె పేరు పెట్టింది గౌరవంతోనే అని వాదించేవాళ్లున్నారు. ఉండనివ్వండి.

సాలూరు షెడ్డులో నాకు పాఠం చెప్పింది మెకానిక్ కాదు, అతని భార్య. పార్టుల లెక్క రాసేదీ, పాత ఫిల్టర్లు విప్పి చూసేదీ ఆమే. నా మొహం చూసి ఏమనుకుందో, "ఏటమ్మా అలా సూస్తన్నావు, రా, సెయ్యి పెట్టు" అని బానెట్ దగ్గరికి పిలిచింది. ఫిల్టర్ కింద చిన్న ప్లాస్టిక్ మర ఉంటుంది. ఇంజన్ చల్లారాక దాని కింద గాజు సీసా పట్టి, వేళ్లతోనే రెండు మూడు చుట్లు వదులు చెయ్యాలి. ముందు వచ్చింది పాలు విరిగినట్టున్న నీళ్లు. తర్వాత మెల్లగా పచ్చటి డీజిల్. నీళ్లు ఆగేదాకా వదిలి, మర బిగించి, పైనున్న చేతిపంపుని గట్టిపడేదాకా నొక్కితే లోపలికి చొరబడ్డ గాలి పోతుంది. సీసా వెలుతురుకి పట్టి చూపించింది. అడుగున సగానికి పైగా నీళ్లే. "ఇంత నీరు ఫిల్టర్లోది కాదక్కా, ట్యాంకులో ఇంకా ఉంటాది కదా" అన్నాను. ఆమె భర్త వైపు తిరిగి, "ఇన్నావా, ట్యాంకు దించు" అంది. ఆ రోజంతా అక్కడే గడిచింది. ఊడ్పుల పాటలు ఆ ఏడు ఆరు దొరికాయి. పదో పన్నెండో దొరకాల్సినవి.

నగరానికి తిరిగొచ్చాక, అనుమానం తీరాలని ఒక సర్వీస్ సెంటర్‌లో చూపించాను. విప్పి చూడకుండానే పంపు, నాలుగు ఇంజెక్టర్లు మార్చాలి, లక్షా నలభై వేలు అన్నారు. "ఇంట్లో సార్ నంబర్ ఇవ్వండి మేడం, ఆయనకి వివరిస్తాం" అని కూడా అన్నారు. ఇంట్లో సార్ ఎవరూ లేరు. ఉన్నా ఇచ్చేదాన్ని కాదు. ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ని సీసాల్లో పట్టి కొలవమని అడిగాను. ఏ ఇంజెక్టర్ అరిగితే దాని సీసా మిగతావాటికంటే ముందు నిండుతుంది, ఇది సాలూరు అక్క చెప్పిందే. అరగంట నసిగి చేశారు. నాలుగూ సమానంగా ఉన్నాయి. ఫిల్టర్ ఒక్కటి మార్చి పంపించారు. బిల్లు రెండున్నర వేలు దాటలేదు.

ఆ మధ్య ఊరిని బట్టి బంకుకీ వెళ్లాను. కొలబద్ద చివర నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు రాసి భూమిలోని ట్యాంకులో దించి చూస్తారు. అడిగినవాళ్లకి చూపించాలి కూడా. ముందు "మగవాళ్లెవరైనా వస్తే చూపిస్తాం" అన్నారు. నేను అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాక దించారు. రంగు మారలేదు. అప్పటికి వారమైంది మరి.

ఇప్పుడు వానాకాలంలో పదిహేను రోజులకోసారి మర విప్పి చూస్తాను. ట్యాంకు సగానికి దిగకుండా చూసుకుంటాను. కింద పోసిన డీజిల్ మొక్కల్ని చంపుతుంది కాబట్టి సీసాలో వచ్చింది షెడ్డులో ఇచ్చేస్తాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకావిడ మొన్న పాత డీజిల్ బండి కొంది, పసుపు దీపం గురించి అడిగింది. ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను. మూత బిగుతుగా ఉండే గాజు సీసా ఒకటి తెచ్చుకోమన్నాను, ఊరగాయదైనా ఫరవాలేదు, కడిగి ఆరబెట్టి.