సూరత్ పొలాల్లో కనుమనాడు

సూరత్ నగరం నుంచి తాపీ నది దాటి ఓల్పాడ్ వైపు సాగితే, మరమగ్గాల చప్పుడు క్రమంగా వెనుకబడి, చెరకు తోటలూ కోత ముగిసిన వరి మళ్ళూ ఎదురవుతాయి. శీతకాలంలో ఈ మళ్ళలో అక్కడక్కడ గొర్రెల మందలు విడిది చేస్తాయి. మేత కోసం కచ్ఛ్ నుంచి ఒంటెలతో, పిల్లాజెల్లాతో తరలివచ్చే రబారీ కాపరుల మందలవి. రాత్రివేళ మంద నిలిచిన పొలానికి ఎరువు దక్కుతుంది. ప్రతిగా కాపరికి ధాన్యమో రొక్కమో ముడుతుంది. తెలుగునాట కురుమలూ గొల్లలూ ఎరిగిన ఒడంబడికే ఇది.

జనవరి 15 గుజరాతీలకు వాసీ ఉత్తరాయణ్; ఆ ఏడు తెలుగువారికి కనుమ. ఆనాడు లింబాయత్ పేట నుంచి ఒక నేత కుటుంబం అటువంటి మందను చూడవచ్చింది. నల్లగొండ ప్రాంతపు పద్మశాలీలు వారు. తండ్రి మరమగ్గంపై పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. పదేళ్ళ కుమారుడు నగరపాలక సంస్థ వారి తెలుగు మాధ్యమ పాఠశాలలో చదువుతున్నాడు. నూలైనా ఉన్నైనా అట్టపెట్టెలలోనే పుడుతుందని వాడి నమ్మకం. ఈ ప్రయాణానికి పట్టుబట్టినది మాత్రం నాయనమ్మ. ఊరు విడిచి ముప్పై ఏళ్ళు గడచినా, కనుమనాడు పశువు ముఖం చూడకపోవడం ఆమెకు వెలితిగానే ఉండేది.

మందను చూడగానే ఆమె మొదట నిరాశపడింది. గొర్రెలన్నీ తెల్లనివి, ముఖాలు మాత్రం గోధుమరంగు. పాటన్‌వాడీ జాతి గొర్రెలు అలాగే ఉంటాయి. ఆమె పుట్టింటి పక్కన కురుమల వాడలో ఉండినవి నల్లవి. వాటి ఉన్నితోనే గొంగళ్ళు నేసేవారు. మాంసపు గిరాకీ పెరిగి, ఉన్ని లేని జాతులతో కలిసిపోయి, ఆ నల్లమందలు తెలంగాణలో నానాటికీ తరిగిపోయాయి.

ఆంగ్ల కవిత్వంలో గొర్రెపిల్ల వసంతానికి చిహ్నం. మంచు కరిగి పచ్చిక మొలిచే వేళకు ఆ దేశపు గొర్రెలు ఈనుతాయి. ఇక్కడ లెక్క వేరు. వానకాలపు పచ్చికకు బలిసిన గొర్రె అప్పుడే చూడి కట్టి, సుమారు 150 రోజులు మోసి, చలిలో ఈనుతుంది. కవితలోని పిల్ల గంతులు వేస్తుంది. మడిలోని పిల్ల జిగటగా తడిసి, లేచిన ప్రతిసారీ కూలబడుతుంది.

ఆ ఉదయం ఈనిన గొర్రెలలో ఒకటి తొలిచూలుది. అది పిల్లను నాకలేదు. పిల్ల పొదుగు దగ్గరకు వస్తే తలతో నెట్టివేసింది. తొలిచూలు గొర్రెలు ఒక్కొక్కసారి ఇలా బెదురుతాయి. దీనిని తేలికగా తీసుకోరాదు. గొర్రెలలో రోగాన్ని ఎదిరించే శక్తి గర్భంలో తల్లి నుంచి పిల్లకు సంక్రమించదు, జున్నుపాలతోనే అందాలి. ఆ పాలలోని రక్షణను గ్రహించే గుణం పిల్ల పేగులకు ఒక్క రోజులోనే నశిస్తుంది. పైగా తల్లి తన బిడ్డను వాసనతో గుర్తుపట్టవలసినది కూడా ఆ తొలి గంటలలోనే. అవి దాటిపోతే, తల్లి బ్రతికి ఉండగానే పిల్ల అనాథ.

“నాకకుంటే పాలెట్ల ఇస్తది? ఉప్పు కావాలె,” అంది నాయనమ్మ. ఆమెకు వచ్చిన గుజరాతీ కిరాణా దుకాణపు గుజరాతీయే. “మీఠూ, మీఠూ” అంటూ వ్రేళ్ళు కలిపి చూపింది. ఆ భాషలో ఉప్పును తీపి పేరుతోనే పిలుస్తారు. రబారీ ముదుసలి నవ్వి గుప్పిలి విప్పింది. ఉప్పు అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఇద్దరూ కలిసి పిల్ల వీపున ఉప్పు చల్లారు. కాపరి గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకొన్నాడు. కొంతసేపు ఏమీ జరగలేదు. కుర్రవాడు నాయనమ్మ చెంగు వదలలేదు. చివరకు గొర్రె ముక్కు దించి ఒకసారి నాకి, తల ఎత్తి, మళ్ళీ నాకింది. తరువాత అది ఆగలేదు. పిల్ల పొదుగు అందుకొని తోక ఆడించసాగింది. ముదుసలులిద్దరూ గట్టు మీద చతికిలబడ్డారు.

రబారీ ముదుసలి కప్పుకొన్నది నల్లని ఉన్ని ఓఢణీ. కచ్ఛ్‌లో రబారీల గొర్రెల ఉన్నిని వణకర్లనే నేతగాళ్ళు నేసి ఇవ్వడం పాత ఆచారం. నాయనమ్మ దాని అంచును వ్రేళ్ళతో నలిపి, “గొంగడే” అని తేల్చింది. తుమ్మకొమ్మ మీద ఆరవేసిన కోడలి ఓఢణీ కూడా నల్లనిదే. తండ్రి దానిని ముట్టుకొనకుండానే, ఎండలో దాని మెరుపు చూచి, పాలిస్టర్ అన్నాడు.

“మనకాడ నేసిందేనా?” అన్నాడు కొడుకు.

“కావచ్చు.”

మరునాటికి మంద మరొక పొలానికి తరలుతుంది. నడవలేని పిల్లలను సంచులలో వేసి ఒంటె మీద ఎక్కిస్తారు. ఈలోగా కాపరికి మరొక పని ఉంది: ముందునాటి పతంగుల పండుగలో తెగిపడిన మాంజా పొలమంతా, కంపలమీదంతా చిక్కుకొని ఉంది. గాజుపొడి పూసిన ఆ దారం కాలికి చుట్టుకొంటే లేతచర్మం తెగుతుంది. అతడు దానిని పుల్లకు చుడుతూ మంద చుట్టూ తిరుగుతున్నాడు. కుర్రవాడు కాసేపు చూచి, తానూ ఒక పుల్ల విరుచుకొని, గట్టుకు ఆవలివైపు నుంచి మొదలుపెట్టాడు.